రెండో గోలీ

"సచ్చిపోదామనే మింగింది నా బిడ్డ, మేడమ్! నేనడిగితే నోరిప్పుతలేదు. మీరే అడుగుండ్రి!"

ఐలవ్వ ఖాళీ అయిన మాత్రల అట్టలు తెచ్చి సోనాలి బల్ల మీద కుమ్మరించింది. నెలంతా రావలసిన మాత్రలు సగం నెలకే అయిపోయాయి.

కామత్‌ఘర్‌లోని ఆ ట్రస్టు దవాఖానాలో సోనాలి కౌన్సెలర్. మగ్గాల ఊరు భివండీలోనే పుట్టి, మరాఠీ బడిలో చదువుకున్న తెలుగు పిల్ల. కిందగదిలో డాక్టరు జమునను అప్పటికే చూసి, ప్రాణానికి భయం లేదన్నాడు. రోజూ రెండేసి ఎందుకు మింగిందో నువ్వే కనుక్కో అని పైకి పంపించాడు.

జమున కుర్చీ చేతుల మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. కళ్ళు మూతలు పడుతున్నాయి. పోయిన ఏడాది తిండీ నిద్రా మానేసి, ఎవరో పిలుస్తున్నారంటూ మూల నక్కి ఏడ్చిన పిల్ల ఈ మాత్రలతోనే మనిషయింది. మనసు కుదుటపడింది గానీ, ఒళ్ళు మాత్రం ఆగకుండా పెరుగుతూ పోయింది.

"గోలీలు నీ చేతుల పెట్టుకొమ్మని చెప్పిన కదా చిన్నమ్మా?" అంది సోనాలి.

"నేనెప్పుడుంటున్న ఇంట్ల? ఇది మంచం పట్టిన కాన్నుంచి దీని నూలు చుట్టే కండెల మిషన్ మీద నేనే కూసుంటున్న. పొద్దుగాల పోతే దీపాలు పెట్టినంకనే వచ్చుడు. వీళ్ళ నాయిన సాంచెల కాడ మగ్గం నడుపుతడు. గదిల ఇదొక్కతే పడి ఉంటది." ఐలవ్వ బిడ్డ వైపు చేయి చూపింది. "పూలకొమ్మ లెక్క ఉండె నా బిడ్డ. ఇప్పుడు గల్లీ పోరగాండ్లు చూసి నవ్వుతున్నరు. ఆటో ఎక్కవోతే వాడు రెండు సీట్ల పైసలంటడు. గా రంధితోనే మింగింది మేడమ్. ఈ లావు చేసే గోలీలు వద్దు. వేరేవి రాయుండ్రి."

సోనాలికీ అదే నిజమనిపించింది. జమున వచ్చిన ప్రతిసారీ ఆమె చెప్పేది అదే. ఒళ్ళు పెరగడం నీ తప్పు కాదు, మందు గుణం. సిగ్గుపడకు, అద్దంలో చూసుకో, పొద్దున్నే తలావ్ గట్టు దాకా నడిచి రా. జమున అన్నిటికీ తలూపేది. ఏనాడూ నోరు విప్పి ఒక్క మాట అనలేదు.

"జమునా, ఇటు చూడు. డాక్టర్‌సాబ్‌తోని నేను మొన్ననే మాట్లాడిన. దుస్రీ గోలీ ఉంది. దాంతోని వజన్ గింత పెరగది, ఉన్నది గూడ తగ్గుతది. రేపటి సంది మారుద్దాం. చలేగా?"

జమున నిద్రమత్తు ఒక్కసారిగా వదిలింది. ముందుకు వంగి సోనాలి చేయి పట్టుకుంది.

"వద్దక్కా! మార్చకు. నీ కాల్మొక్త, మార్చకు."

"మరి రెండెందుకు మింగినవ్? సచ్చిపోదామనా?"

"కాదు."

"మరి?"

"ఇంకింత లావు కావాలని."

ఐలవ్వ తల బాదుకుంది. "చూసిండ్రా? దీనికి మల్ల తిక్క లేసింది!"

"చిన్నమ్మా, నువ్వు జర బయట కూసో."

"ఉండనీ అక్కా. అవ్వ గూడ ఇనాలె," అంది జమున. తల్లి వంక మాత్రం చూడలేదు. ఒళ్ళో ఉన్న తన చేతుల్నే చూసుకుంటూ చెప్పింది. "నేను సన్నగున్నప్పుడు, ఇప్పుడు అవ్వ కూసునే మిషన్ కాడికే వచ్చి కార్ఖానా ముకాదం భీమ్‌రావు కండెలు లెక్కవెట్టాలని నూలు అర్రలకు పిలుస్తుండె. పోకపోతే పనికి రావద్దంటుండె. పోతే... తలుపుకు గొళ్ళెం పెడుతుండె."

కిటికీలోంచి మగ్గాల మోత గదంతా నిండిపోయింది.

"లావైనంక ఒక్కపారి ఇంటికొచ్చిండు. అవ్వ లేదప్పుడు. గడపల నిలవడి కింది నుంచి మీదికి చూసిండు. 'బర్రె తీరు అయినవేందే' అని ఉమ్మేసి పోయిండు. మల్ల రాలే. ఆ దినం కడుపునిండ బువ్వ తిన్నక్కా. ఈ నడుమ రైక వదులైనట్టు అనిపించింది. భయమైంది. అందుకే రెండేసి మింగిన."

ఆ పిల్ల ప్రాణం కాపాడుకోవడానికి తన చుట్టూ కట్టుకున్న గోడను, ఇన్నాళ్ళుగా తాను ఎంత ఓపిగ్గా కూల్చబోయిందో సోనాలికి అప్పుడర్థమైంది.

ఐలవ్వ ఇక గుండెలు బాదుకుంటుందని, శాపనార్థాలు పెడుతుందని సోనాలి అనుకుంది. ఐలవ్వ మాత్రం బిడ్డ మెడనూ భుజాలనూ, ఉబ్బిన చేతులనూ అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూస్తూ నిలబడింది.

"చిన్నమ్మా, పోలీసులకు చెప్దాం. నేను మీ తోడొస్త," అంది సోనాలి. "వాన్ని ఊకె ఇడ్సిపెట్టొద్దు. జమునకిప్పుడు నువ్వే ధైర్యం. వింటున్నవా?"

ఐలవ్వ బిడ్డ దగ్గరికి పోయి తల నిమిరింది. చెదిరిన జుట్టు చెవి వెనక్కి సర్దింది. పైకొంగుతో ఆమె ముఖం తుడిచింది. తరువాత బల్ల చుట్టూ తిరిగి వచ్చి, జమునకు వినపడకుండా సోనాలి చెవి దగ్గరికి వంగింది.

"మేడమ్, దాని గోలీలు మార్చకుండ్రి. అవే నాక్కూడ రాయుండ్రి."