శ్రీరంగప్ప ఇచ్చినవి

సోమవారం పదింటికల్లా డాక్టర్ వెంకటేశులు ఒక కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. “మందుల కంపెనీ వాళ్లు ఇచ్చినదేదీ నా ఇంట్లో లేదు” అని అందులో ఉంది. పెట్టకపోతే అనంతపురంలో హౌస్ సర్జన్లకు పాఠం చెప్పే ఉద్యోగం ఊడుతుంది. అబద్ధపు సంతకం పెడితే పరువు కూడా ఊడుతుంది.

ఆ రూలును ఆసుపత్రి కమిటీలో పట్టుబట్టి రాయించింది ఆయనే.

ఆదివారం పొద్దున్నే జట్కా పిలిపించి, భార్యను కేకేశాడు.

“నాగలక్ష్మీ, ఏజెంటు ఇచ్చినవన్నీ తీసి బండిలో పెట్టు. పాతూరులో ఆయన ఇంటికే పంపిద్దాం.”

శ్రీరంగప్ప ఒక మందుల కంపెనీకి జిల్లా ఏజెంటు. డాక్టరు ఇంటికి చేతులూపుకుంటూ ఏనాడూ రాలేదు.

“పాపం, పెద్దమనిషి. ప్రేమగా ఇచ్చినాడండీ” అంది నాగలక్ష్మి.

“ఎవరైనా సరే. మందులు అమ్మేవాడి వస్తువు పాఠం చెప్పేవాడి ఇంట్లో ఉండకూడదు.”

“సరే అయితే!” అని నాగలక్ష్మి కొంగు దోపింది.

గోడగడియారం దిగింది. 1979 కాలెండరు దిగింది. ఫ్లాస్కు, గొడుగు, కాఫీ ట్రే బండెక్కాయి. డాక్టరు భుజం మీది తువ్వాలును ఒక్క గుంజు గుంజింది. దాని అంచున దగ్గుమందు పేరుంది.

బకెట్టు దగ్గర ఆగింది. కొళాయి మళ్లీ వచ్చేది ఎల్లుండే.

“బకెట్టు వాళ్లది, నీళ్లు మనవి. యాడ పోయమంటారు?”

డాక్టరు తల గోక్కున్నాడు. గ్లాసులు నిండాయి, చెంబులు నిండాయి, చివరికి ఇడ్లీ పాత్ర కూడా నిండింది.

పక్కింటి తిమ్మక్క గోడ మీదుగా తొంగిచూసింది. “ఏమప్పా డాక్టరూ, ఇల్లు ఖాళీ చేస్తాండారా?”

“లేదక్కా, రూలు అమలు చేస్తాండాం” అంది నాగలక్ష్మి, నవ్వు ఆపుకోలేక.

డాక్టరు సంతకం పెడదామని జేబులోంచి పెన్ను తీశాడు. నాగలక్ష్మి దాన్ని చూసింది. ఆయనా చూశాడు. పెన్ను కూడా బండెక్కింది. తిమ్మక్క పడీపడీ నవ్వుతూ తన ఇంట్లోంచి ఇంకో పెన్ను తెచ్చి అందించింది.

“ఇంకేమన్నా ఉండాదా సామీ?” అడిగాడు జట్కా పుల్లన్న.

“ఏమీ లేదప్పా. ఇల్లంతా కడిగిన ముత్యం మాదిరి ఉండాది. నువ్వు పో.”

డాక్టరు హాయిగా కాగితం మీదికి వంగాడు. ఇంతలో బండి కిర్రుమంది. తలెత్తి చూస్తే నాగలక్ష్మి ట్రంకుపెట్టె పక్కన పెట్టుకుని, గోడగడియారాన్ని ఒళ్లో పెట్టుకుని, బండిలో కూర్చుని ఉంది.

“నువ్వెందుకు ఎక్కినావు?”

“ఆరేండ్ల కింద మా నాయన శ్రీరంగప్ప కన్యాదానం చేసి మీకిచ్చిన పిల్లను ఇంట్లోనే పెట్టుకుని, మీరు ఆ సంతకం ఎట్లా పెడతారండీ?”