వెనుక భుజం

వేరుశనగ చేలను తవ్విపోస్తున్న అడవిపందిని అనుమతి తీసుకుని గుట్ట మీద తుపాకితో కాల్చి చంపారు. అక్కడే వదిలేస్తే నెత్తురు వాసనకు చిరుత ఊరిదాకా దిగుతుంది. అందుకే పందిని బొంగుకు కట్టి రోడ్డు అవతల, ఊరికి దూరంగా పాతిపెట్టడానికి అన్నదమ్ములిద్దరూ చీకట్లోనే మోసుకుంటూ బయలుదేరారు. ముందు హనుమంతు, వెనుక అన్న కమలాకర్.

మోత దించేదాకా మాట్లాడకూడదు, వెనక్కి చూడకూడదు. అది వాళ్ళ తండ్రి, నిరుడు చనిపోయిన బాపు పెట్టిన కట్టుబాటు. భుజం మార్చాలంటే వెనుకవాడు బొంగు మీద కొట్టాలి. అన్న ఒక్కసారే కొడతాడు. బాపు రెండుసార్లు కొట్టేవాడు.

వాగులో బొంగు ఒక్కసారి కుంగి లేచింది. ఆ తరువాత బరువు తేలికైంది. వెనుక అడుగుల చప్పుడు ఆగిపోయింది. పొదల్లో ఏదో గుర్రుమంది. అప్పుడే బొంగు మీద రెండు దెబ్బలు వినిపించాయి. భుజం మార్చుకుని నడిచాడు. గుర్రుమన్నది వెంట రాలేదు.

రోడ్డెక్కగానే జేబులో ఫోన్ మోగింది. అన్న.

"తమ్మీ, వాగుల్నే కాలు బెణికి కూలవడ్డ. మోతల మాట్లాడొద్దని పిలువలే. నువ్వే ఆగుతవనుకుంటే నక్కోలె ఉరికినవ్! ఒక్కనివే ఎట్ల మోసినవ్ రా?"

హనుమంతు వంగి తన కొసను నేల మీద పెట్టాడు. చేతి కింద బొంగు ఏటవాలుగా నిలిచింది; వెనుక కొస ఇంకా భుజమెత్తులోనే ఉంది.

దవాఖానలో బాపు పోయొస్తనని కూడా చెప్పకుండా పోయాడు. ఒక్కసారి చూడాలని మెడ లాగింది. చూడలేదు. రెండు చేతులూ జోడించాడు.

"శాన దూరం మోసినవ్ బాపూ. భుజం నొస్తది. ఇగ దించు."

వెనుక కొస దిగలేదు. బొంగు మీద రెండు దెబ్బలు పడ్డాయి.