రెండు వేళ్ల కూజా

వంటింటి గట్టు మీది ఆ మట్టి కూజాను చూస్తేనే కోడలికి ఒళ్లు మండేది.

దాని పిడికి చూపుడు వేలు దూరేంత రంధ్రం, పైన బొటనవేలికి చిన్న గుంట. మిగతా మూడు వేళ్లు ఎక్కడ పెట్టుకోవాలో చేసిన మనిషినే అడగాలి.

చేసిన మనిషి అత్తగారే. ఒకప్పుడు కుండల షెడ్డులో పనిచేసింది. ఎవరూ తాగకపోయినా రోజూ పొద్దున్నే అందులో నీళ్లు మార్చేది. ఎందుకత్తయ్యా అంటే, ఎవరైనా వస్తారేమోనే అనేది.

ఆ రోజు అత్తగారు కొడుకును వెంటబెట్టుకుని కళ్ల పరీక్షకు వెళ్లింది.

తలుపు కొట్టిన ఆవిడకు అరవై దాటి ఉంటాయి. కుడిచెయ్యి శాలువా కింద దాచుకుంది. మీ అత్తగారూ నేనూ కలిసి పనిచేశామమ్మా అంది. సాయానికి వచ్చేవాళ్లంతా ముందు చుట్టరికం కలుపుతారని కోడలి నమ్మకం. కూర్చోమని కూడా అనలేదు.

వాళ్లు రావడానికి ఇంకో గంట పడుతుందని చెప్పింది. అంతసేపు ఆగితే బస్సు తప్పిపోతుందట. దూరాన కూతురి దగ్గర ఉండిపోవడానికి వెళుతోందట, ఇక ఇటువైపు రావడం పడదట.

"మీ ఆయన ఏం చేస్తాడమ్మా?"

"గడియారాలు బాగుచేస్తాడు."

ఆ మాటకే ఆవిడ ముఖం వెలిగిపోయింది. అందులో అంత సంబరపడాల్సిందేముందో కోడలికి అర్థం కాలేదు.

ఆవిడ మంచినీళ్లు అడిగింది. కోడలు గ్లాసు వెతికేలోపే వెనకాలే వచ్చి కూజా అందుకుంది. శాలువా జారింది. ఆ చేతికి రెండే వేళ్లు. వాటికే కూజా తేలిగ్గా లేచింది, చుక్క ఒలకలేదు.

కోడలికి రోత పుట్టింది. దాచుకోవడం చేతకాలేదు.

"ఇక అది మేం వాడుకోలేం. మీరే తీసుకుపోండి."

ఆవిడ బొటనవేలితో పిడి మీది గుంట తడిమింది.

"మీ అత్త ఏమీ అనుకోదా?"

"ఏమనుకుంటుంది, పీడా పోయిందనుకుంటుంది."

ఆవిడ నీళ్లు పారబోసి, కూజాను శాలువాలో చుట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

అత్తగారు వస్తూనే ఖాళీ గట్టు చూసింది. కోడలు జరిగిందంతా చెప్పింది, చివరి మాట తప్ప.

రెండు వేళ్లని వినగానే అత్తగారు కొడుకును బస్టాండుకు పరుగెత్తించింది.

ఆ పిడి కొలత ఆ రెండు వేళ్లదేనట. నా ఇంట్లో మంచినీళ్లకు నా స్నేహితురాలు ఎవరినీ దేబిరించకూడదని చేశానంది. షెడ్డు మూతపడ్డాక ఆవిడ ఊరు విడిచిపోయింది, జాడ లేదు. అప్పటినుంచీ నీళ్లు మారుస్తున్నది ఆవిడ కోసమేనంది.

కోడలికి నిలబడ్డచోటే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. పీడా అన్న మాట ఆవిడతోపాటే బస్సెక్కి పోయింది. అది స్నేహితురాలి మనసులో మాటేనని ఆవిడ నమ్మి ఉంటుంది. ఆ సంగతి అత్తగారితో చెప్పడానికి సిగ్గుపడింది.

కొడుకు రొప్పుతూ ఒక్కడే తిరిగొచ్చాడు. బస్సు వెళ్లిపోయింది.

"ఎవరమ్మా ఆవిడ?"

అత్తగారు కొడుకు కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుందిరా. రెండేళ్లప్పుడు నువ్వు మట్టి పిసికే మిషన్లో చెయ్యి పెట్టావు. నీ అయిదు వేళ్లూ బయటికి లాగి, తన మూడూ అందులో వదిలేసింది."