ఏడు వికెట్ల ప్యాంటు

"దాన్ని మాత్రం ఉతక్కు" అన్నాడు భర్త. పొద్దుట్నించి చెప్పడం అది నాలుగోసారి. "మరకుంటేనే దానికి విలువ."

అది అతను చివరి టెస్టులో వేసుకున్న తెల్ల ప్యాంటు. ఆ మ్యాచ్‌లో ఏడు వికెట్లు తీశాడు. ఓవర్ ఓవర్‌కీ బంతిని రుద్ది రుద్ది, కుడి తొడ మీద అరచేయంత ఎర్రటి మరక పడింది. అతని బట్టల్లో ఆమె ఉతకనిది అదొక్కటే. రిటైరయ్యాక ఏడాదిన్నరగా బీరువా పై అరలో కవర్లో ఉంది. ఇప్పుడు మ్యూజియం వాళ్ళు అద్దాల పెట్టెలో పెడతారట.

"మాసిన బట్టండీ. నలుగురూ చూస్తే నాకే సిగ్గు."

"నీ శుభ్రం పిచ్చి మ్యూజియం దాకా పాకిందా!" అని అత్తగారు నవ్వింది.

ఆ పిచ్చి ఊరికే వచ్చింది కాదు. టీంలో మిగతావాళ్ళ ప్యాంట్లు రెండో మ్యాచ్‌కే గులాబీరంగుకి తిరిగేవి. ఇతనివి మల్లెపూలు. "ఏం సబ్బు వాడతావమ్మా?" అని వాళ్ళ భార్యలు ఫోన్ చేసి మరీ అడిగేవాళ్ళు. ఆమె నవ్వి ఊరుకునేది.

పదకొండింటికి మ్యూజియం ఆయన వచ్చాడు. తెల్ల గ్లవ్స్ కూడా తెచ్చుకున్నాడు. అత్తగారు ఆయన్ని కూర్చోబెట్టి కథ మొదలుపెట్టింది.

"పెళ్ళికి ముందు వీడు బంతి వేస్తే స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోయేది నాయనా. రెండుసార్లు టీంలోంచి తీసేశారు. ఈ అమ్మాయి ఇంట్లో కాలు పెట్టింది, అంతే. బంతి పాములా మెలికలు తిరగడం మొదలెట్టింది!"

"అమ్మా, ఇక ఆపు."

"ఎందుకాపాలిరా? టూర్లకెళ్తే మొదటి రెండు మ్యాచ్‌లూ ఇరగదీసి, మూడోదానికి తేలిపోయేవాడివి కాదూ? పెళ్ళాం మీద బెంగ!"

మ్యూజియం ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మీరు బోర్డు క్రమశిక్షణ కమిటీలో ఉన్నారుగా సార్" అన్నాడాయన. "ఆ బౌలర్‌కి రెండేళ్ళ నిషేధం... కాస్త ఎక్కువేమో?"

భర్త ముఖం బిగుసుకుంది. "పెదాలకు రాసుకునే క్రీము బంతికి పూశాడండీ. ఒక పక్క నున్నగా మెరిస్తేనే బంతి గాల్లో వంపు తిరుగుతుంది. ఆ మెరుపు నేను బంతిని ప్యాంటుకి రుద్ది రుద్ది, నా చెమటతో తెచ్చుకున్నాను. ఇంకేం పూసినా దొంగతనమే."

ఆ తీర్పు వార్త ఆమె పోయిన నెల పేపర్లో చదివింది. ఫోటోలో ఆ బౌలర్ పక్కన అతని భార్య తలొంచుకుని ఉంది. ఆ రోజు నుంచీ ఆమెకు ముద్ద దిగడం లేదు. "ఎవడికో శిక్ష పడితే నువ్వెందుకే చిక్కిపోతావ్?" అని అత్తగారు కసిరింది కూడా.

"మరి ఇది ఎన్నాళ్ళు చెడకుండా ఉంటుంది?" భర్త అడిగాడు.

"వందేళ్ళు. ముందు ల్యాబ్‌లో ఆ బట్టకి ఏమేం అంటుకుని ఉందో పరీక్ష చేస్తారు. దాన్నిబట్టి మందు పూస్తారు."

ఆమె లేచింది. "టీ పెట్టి, ప్యాంటు తెస్తాను."

వంటింట్లో నీళ్ళు మరుగుతున్నాయి. టీపొడి డబ్బా తెరవలేదు. ప్యాంటుని సింకులో పరిచి, ఆ నీళ్ళన్నీ మరక మీద పోసింది. చేతులు కాలుతున్నా రుద్దింది. ఏడాదిన్నర నాటి మరక. అయినా ఎప్పటిలాగే నాలుగు రుద్దులకు వదిలిపోయింది. మళ్ళీ నీళ్ళు పెట్టి, మళ్ళీ పోసింది.

టీ ఎంతకీ రాకపోతే భర్త లోపలికొచ్చాడు. వెనకే మ్యూజియం ఆయన.

సింకులో ప్యాంటు తెల్లగా మెరిసిపోతోంది.

"ఏం చేశావే?" అతను తడి ప్యాంటుని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. "నా ఏడు వికెట్లు... నాకు మిగిలింది అదొక్కటే కదా. ఎందుకు చేశావ్?"

"మాసిన బట్ట... సిగ్గేసింది."

మ్యూజియం ఆయన గ్లవ్స్ విప్పి జేబులో పెట్టుకున్నాడు.

"నీకు తెలియదు" అన్నాడు భర్త, గోడకు చేరగిలబడి. "నా కష్టంలో నీకేం తెలుసని?"

ఆమె ఎర్రగా కందిన చేతులు కొంగులో దాచుకుంది.

బంతి రంగు బట్టకు పట్టకుండా తేలిగ్గా వదలాలని, పదకొండేళ్ళపాటు ప్రతి మ్యాచ్ ప్యాంటుకీ కుడి తొడ మీద కొవ్వొత్తి రుద్ది, ఆ మైనం కనబడకుండా ఇస్త్రీ చేసి అతని పెట్టెలో సర్దింది ఆమే.