ప్రారంభానికి తెల్లచామంతులు

కొరియాలోని వొంజు ఊళ్లో బిల్డర్ హామ్ కొత్త మాడల్ ఫ్లాటు ప్రారంభించే రోజున, సరిగ్గా గుమ్మం ముందు చావింటి తెల్లచామంతుల స్టాండు నిలబెట్టాను. కొనడానికి వచ్చినవాళ్లు దాన్ని చూసి అటునించి అటే వెళ్లిపోతున్నారు.

హామ్ పరిగెత్తుకొచ్చాడు. "శుభమా అని గుమ్మం తెరుస్తుంటే ఈ చావు పూలేంట్రా!"

"మీరు కట్టిచ్చిన మా ఇంట్లో నేల వెచ్చగా ఉండేలా కింద వేడినీళ్ల గొట్టాలు వేయిస్తానని రెండు చలికాలాలు తిప్పారు కదా సారూ."

"రేపే వేయిస్తాను, నీకు దండం పెడతా! ముందు ఇది తీసెయ్. ఎవడిచ్చాడ్రా నీకు?"

"పంపినవాళ్ల పేరు రిబ్బను మీదుంది, చదువుకోండి."

వంగి చదివాడు. గబగబా రిబ్బనును అరచేత్తో కప్పేశాడు.

మొన్న ఆ చలినేల మీదే మా అమ్మ పోతే, కంపెనీ తరఫున సంతాపమని ఆ స్టాండు పంపింది ఆయనే.