తక్కువ రావాలని కోరినవాడు

"అమ్మా, విటమిన్ తక్కువ వచ్చిందా?"

కిటికీ అవతల నిలుచున్న అపరిచితుని ప్రశ్నకు ప్రయోగశాల పరీక్షకురాలు తెల్లబోయింది.

పసిపిల్లల పోషకపిండిని పరీక్షకు పంపే కంపెనీలన్నీ విటమిన్ నిండుగా రావాలనే కోరుకుంటాయి. తక్కువ రావాలని ఆశించేవాణ్ణి ఆమె చూడడం ఇదే మొదలు.

"మీరెవరండీ?"

"నా సంగతి వదిలేయండమ్మా. ఈ సరుకు సాయంత్రానికి పిల్లల ఆసుపత్రికి వెళ్లిపోతుంది. తక్కువుందని ఒక్కమాట చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

"పసివాళ్ల తిండిలో విటమిన్ తక్కువైతే పుణ్యమా! ఫలితం కంపెనీకి తప్ప ఎవరికీ చెప్పం. ఇక దయచేయండి."

అతడు చేతులు జోడించి, తల వంచుకొని వెళ్లిపోయాడు.

"పోటీ కంపెనీవాడే," పక్కబల్ల దగ్గరి సహోద్యోగిని నవ్వింది. "వీళ్ల పిండి బాగాలేదని ఊరంతా టాంటాం వేయడానికొచ్చాడు. కాకపోతే నటన కుదరలేదు పాపం, ఏడుపుముఖం పెట్టాడు!"

పరీక్షకురాలు క్రొమటోగ్రఫీ యంత్రం వైపు తిరిగింది. పిండి నుండి తీసిన ద్రావణంలోని విటమిన్‌ను విడదీసి, అది ఎంత ఉన్నదో అంత ఎత్తున తెరపై శిఖరంగా గీసే యంత్రమది.

శిఖరం లేచింది. లేచి, ఆగవలసిన చోట ఆగలేదు.

"ఇదేమిటే! రెట్టింపు చూపిస్తోంది."

"ఎక్కడో చెయ్యి జారుంటుంది. మళ్లీ చెయ్యి."

మళ్లీ తూచి, మళ్లీ కరిగించి, మళ్లీ ఎక్కించింది. రెట్టింపే!

ఆమెకు మతిపోయినట్లయింది. యంత్రం తప్పా, తన చేయి తప్పా? తెలిసిన మోతాదుతో సరిచూస్తే యంత్రం నిజమే పలికింది. ఈ పిండిలో కలిపేది విటమిన్-ఎ; అది కొరవడితే లోపం, మితిమీరితే పసిప్రాణాలకు విషం. మరి ఆ మనిషి తక్కువ కావాలని ఎందుకు ప్రాధేయపడ్డట్టు?

గబగబా కంపెనీ మేనేజరుకు ఫోన్ చేసింది.

"సార్, ఆ సరుకు పంపకండి! విటమిన్ రెట్టింపుంది."

"లారీ ఇందాకే ఆపేశామమ్మా."

"నేనింకా ఫలితం చెప్పందే ఎలా ఆపారు?"

"మీ దగ్గరికొకతను వచ్చాడటగా, అతనే ఫోన్ చేశాడు. తక్కువుందని మీరంటే నిశ్చింతగా ఉండేవాడట. మీరు చెప్పకపోయేసరికి, అనుమానం పెట్టుకొని పిల్లల నోటికి పంపలేనన్నాడు. ఆ ఫోన్‌తోనే అతని ఉద్యోగమూ పోయింది."

"అసలెవరండీ ఆయన?"

అవతలి గొంతు తగ్గింది.

"ఆ పిండిలో విటమిన్ కలిపింది అతనేనమ్మా. రెండుసార్లు పోశానేమోనన్న అనుమానం అతనికి తప్ప ఇంకెవరికీ లేదు."