పెద్దల పరుపు

అత్త ఊల్కన్ మోకాళ్ళకి కోడలు సయ్‌కల్ మళ్ళీ ఎలుగుబంటి కొవ్వు పూస్తుంటే, ఆ కుళ్ళు కంపుకి ఊల్కన్ ముక్కు మూసుకుంది.

"ఛీ, ఆపవే! నాలుగడుగులు వేస్తేనే కీళ్ళు సాగుతాయని డాక్టరమ్మ చెప్పలా?"

"కోడలుండగా అత్త పని చేస్తే ఊరు నా మొహాన ఉమ్మెయ్యదూ? మీరు పెద్దల పరుపు దిగకండి అత్తమ్మా. టీ నేనే తెస్తా."

చలికాలమంతా ఇదే మాట. గుమ్మానికెదురుగా, ఇంటి పెద్దలకే వేసే ఉన్ని పరుపు మీద కూర్చోబెట్టి గౌరవించారు. మోకాళ్ళు కొయ్యబారిపోయాయి. ఊల్కన్‌కి కొవ్వు కంటే ఈ మర్యాదే ఎక్కువ కంపు కొట్టింది.

పళ్ళు బిగించి, గోడ పట్టుకుని లేచింది. పాల బకెట్టు అందుకుని, ఆడగుర్రాల పాలు పితకడానికి బయల్దేరింది.

"అయ్యో, మీ మోకాళ్ళు!"

తలుపు తోస్తే కిర్రుమంది.

"మిగిలిన కొవ్వు ఈ తలుపు బందులకి రాయవే. కదిలేవాటికే అది పనికొచ్చేది."